ఎలుక బతికింది సరే

ఎముక మూలుగ మార్పిడితో ఎలుకల్లో క్యాన్సర్ గడ్డ కరిగిందని ఎక్కడో చిన్న వార్త పడుతుంది. ఆళ్లగడ్డ చేరేసరికి అది ‘క్యాన్సర్‌కు మందు దొరికింది’ అయిపోతుంది. రోగి ఉన్న ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఎకరం అమ్మితే ఎంతొస్తుంది, హైదరాబాదుకా, వేలూరుకా?

విత్తనం సంగతే చూడండి. నంద్యాలలో 1906 నుంచి వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. నరసింహ పత్తి అక్కడిదే. స్థానం మడిలో విరగకాసిన రకమైనా సరే, మన నల్లరేగడిలో ఎలా ఉంది, తెగులుకు నిలిచిందా, పక్కూరాయన ఎంత తీశాడు అని అడగందే రైతు విత్తనం కొనడు. వైద్యం దగ్గరికొచ్చేసరికి ఆ ఆరా ఏమైపోతుందో!

ప్రయోగశాల ఎలుకలు చాలావరకు తరతరాలుగా దగ్గరి సంబంధాల్లో పెంచినవి. ఒక జాతివన్నీ దాదాపు కవలలే కాబట్టి దాతకు కరువు లేదు. గడ్డ కూడా చాలాసార్లు పరిశోధకుడు నాటిందే. 1956లో ఇంగ్లండ్‌లోని హార్వెల్‌లో బార్న్స్, లౌటిట్ బృందం రక్తక్యాన్సర్ ఎలుకలకు ప్రాణాంతకమైన మోతాదులో ఎక్స్‌రే ఇచ్చి, ఆపైన మూలుగ ఎక్కించింది. వేరే జాతి మూలుగ ఎక్కినవాటిలో క్యాన్సర్ పోయింది. కానీ ఆ కొత్త మూలుగే ఒంటిమీద తిరగబడి అవి చిక్కి చచ్చాయి. మన దాకా వచ్చేది మొదటి సగమే.

మనుషుల రక్తక్యాన్సర్లలో ఈ దారి నిలిచింది. ఈ మార్పిడికే డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది. గడ్డల సంగతి వేరు. అమెరికాలో రొమ్ము క్యాన్సర్ రోగుల సొంత మూలుగ తీసి దాచి, ఒళ్లు తట్టుకోలేనంత కీమో ఇచ్చి, మళ్లీ ఎక్కించేవారు. ఇక్కడ క్యాన్సర్‌ను చంపాల్సింది కీమోనే. మూలుగ పని మనిషిని నిలబెట్టడం. దీనికి డబ్బివ్వనన్న బీమా సంస్థ మీద 1993లో కాలిఫోర్నియా జ్యూరీ ఏకంగా 8.9 కోట్ల డాలర్లు వేసింది. అప్పటికి సరైన రుజువే లేదు! 1999లో పెద్ద ట్రయల్స్ ఫలితాలొచ్చాయి. మామూలు కీమో కంటే ఆయుష్షు పెరిగిన దాఖలా కనబడలేదు. ఈ పద్ధతి అద్భుతమన్న జొహన్నెస్‌బర్గ్ వైద్యుడు బెజ్వోడా లెక్కలు తప్పుడువని 2000లో తేలింది. ఆలోగా వేలమంది ఆడవాళ్లు ఆ యాతన పడ్డారు.

అలాగని అంతా కొట్టిపారేయను. పసిపిల్లలకొచ్చే మొండి న్యూరోబ్లాస్టోమాలో సొంత మూలకణాల (మూలుగలో రక్తాన్ని పుట్టించేవాటి) మార్పిడికి ఇప్పటికీ చోటుంది. ఒంట్లో పాకిన కిడ్నీ క్యాన్సర్‌కు తోబుట్టువుల మూలకణాలు ఎక్కించి అమెరికా ప్రభుత్వ పరిశోధకులు 2000లో ఫలితం ప్రకటించారు. 19 మందిలో 10 మందికి గడ్డలు తగ్గాయి, వాళ్లలో ముగ్గురికి పూర్తిగా పోయాయి. ఇద్దరు మార్పిడి వల్లే చనిపోయారు, 8 మంది క్యాన్సర్ ముదిరి చనిపోయారు. ఈ అంకెలన్నీ ఒకే ఊపిరిలో చెప్పే డాక్టరు దొరికితే, ఎంత దూరమైనా ఆయన దగ్గరికే వెళ్లమంటాను.