వ్యూసే గుణమునకు కొలతయా?

మాదాపురమున సైబర్ టవర్సు సౌధమును 1998 నవంబరులో నాటి ప్రధాని వాజపేయిగారు ప్రారంభించిన నాటినుండి ఆ రాతినేలకు అంకెయే కులదైవమైనది. అచ్చట ఉద్యోగి పనికి అంకె కలదు, భోజనశాలకు చుక్కలు కలవు, కారు నడుపుకొని బ్రతుకు బీదవానికిని చుక్కలే కలవు. ఇప్పుడా అంకె పాటను గూడ పట్టుకొన్నది. గచ్చిబౌలి, కొండాపురము ప్రాంతముల విద్యాధికులగు యువకులతో ర్యాపు పాటలనుగూర్చి ముచ్చటించి చూడుడు. “దానికి వ్యూసు ఎన్ని?” యనునదే తొలిప్రశ్న, తరచుగా తుదిప్రశ్నయు నదియే. ఎక్కువ వచ్చినది గొప్పపాట, తక్కువ వచ్చినది చచ్చినపాట! ఈ సిద్ధాంతమును మేము నిరాకరించుచున్నాము.

అట్లని, అమ్ముడుపోయిన దెల్ల నీచమను పండితమ్మన్యుల పక్షమునను మేము లేము. హిప్‌హాపు పుట్టుకయే టిక్కెట్టుతో జరిగినది. 1973 ఆగస్టు 11వ తేదీని న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు పేటలో కూల్ హెర్క్ అను యువకుడు, తన సోదరి సిండీ ఏర్పరచిన వేడుకలో రికార్డులు త్రిప్పెను. బడి తెరచులోపల క్రొత్తబట్టలు కొనుక్కొనవలెనని యామె కోరిక. ఆడపిల్లలకు పావుడాలరు, మగపిల్లలకు అరడాలరు రుసుము. పేదయింటి పిల్ల బట్టలకొరకు పెట్టిన రుసుమును ఎవడు తప్పుపట్టగలడు?

పిదప చరిత్ర యేమి చెప్పుచున్నది? 1990లో ఎం.సి. హామరు ఆల్బము కోటి ప్రతులకు మించి అమ్ముడుపోయెను. 1994లో నాస్ అను ఇరువదేండ్ల కుఱ్ఱవాడు తన పేటబ్రతుకును చెప్పిన ‘ఇల్మాటిక్’ ఆల్బమునకు ఆనాడు అందులో స్వల్పభాగము అమ్మకమైనను లేదు. కాని 2021లో అమెరికా కాంగ్రెసు గ్రంథాలయము దానిని భద్రపరుపదగిన జాతీయ ధ్వనిముద్రణల పట్టికలో చేర్చెను. కెండ్రిక్ లమారు 2017 నాటి ఆల్బమో, అమ్మకమునందును అగ్రస్థానము పొంది, మరుసటి యేట పులిట్జరు సంగీతబహుమతిని గూడ గెలిచెను. శాస్త్రీయ, జాజు సంగీతములను దాటి ఆ బహుమతి వెలుపలికి వచ్చుట అదియే ప్రథమము. కావున అమ్మకము గుణమునకు మిత్రుడు గాదు, శత్రువు గాదు, సాక్షియు గాదు. ఏమియు చూడనివానిని సాక్షిగా బోనెక్కించుట వకీళ్లకు తెలిసిన మాయ, రసికులకు తగదు.

మనయొద్ద ‘ఆల్బము’ అను మాటయే చిక్కి శల్యమైనది. పదిపండ్రెండు పాటలను ఒక్క భావసూత్రమున గ్రుచ్చిన హారమునకు పాశ్చాత్యులా పేరు పెట్టిరి. తెలుగునాట ‘ప్రైవేటు ఆల్బము’ అనగా సినిమాది గాని యొక్క పాట, దానికొక వీడియో! ఏల యిట్లయ్యెను? వ్యూసు లెక్క పాటకొక్కటిగా పడును. రెండేండ్లు చెక్కి, తన బస్తీ జీవితమును ఆమూలాగ్రముగ పన్నెండు పాటలలో చెప్పినవానికి ఆ లెక్కలో అదనపు విలువ యేమియు లేదు. మొదటి పది క్షణములలో ఊతపదమొకటి విసరినవానికే పంట. ఇట్టి అంగడిలో ‘ఇల్మాటిక్’ వంటిది హైదరాబాదున పుట్టలేదని వగచుట, విత్తు వేయని పొలమున కుప్ప వెదకుటయే.

శక్తి లేక కాదు సుమా! 2018–19 ప్రాంతమున రుహాన్ అర్షద్ దక్కనీ మాటలో పాడిన ‘మియా భాయ్’, సినిమా అండ లేకయే కోట్లకొలది వ్యూసు పొందెను. కవిత్వము పలుచనిదే యని మా అభిప్రాయము. కాని గల్లీ గొంతుక నిజమైనది. రోల్ రైడా తెలుగున ర్యాపు కట్టుచునే యున్నను, ఎక్కువమంది కాయన పేరు తెలిసినది 2018లో బిగ్ బాస్ ఇంట ప్రవేశించిన పిదపనే. రాహుల్ సిప్లిగంజ్ బస్తీపాటలు ఏండ్లతరబడి అంతర్జాలమున నుండగా, 2023లో ‘నాటు నాటు’కు ఆస్కారు వచ్చినతోడనే నగరమునకు ఒక్కసారి చెవులు మొలచినవి!

ఇక నా అంకెయైనను నికరమైనదా? 2019 జూలైలో బాద్షా పాటయొకటి ఒక్కదినమున ఏడున్నర కోట్ల వ్యూసు పొందెనని చాటిరి. ఆ వ్యూసును పెంచుటకు డబ్బిచ్చి ప్రకటనలు వేయించినట్లు పిమ్మట బయటపడెను. ఆ సెప్టెంబరులో యూట్యూబే, ప్రకటనలద్వారా వచ్చిన వ్యూసును తొలిదినపు రికార్డులలో చేర్చబోమని ప్రకటించెను. అనగా కొలపాత్రను తయారుచేసినవాడే దాని అడుగున చిల్లి కలదని ఒప్పుకొన్నాడు. మనము మాత్రమింకను దానితోనే కొలుచుచున్నాము! 2024 నుండి స్పాటిఫై, ఏడాదిలో వెయ్యిమారులు వినబడని పాటకు ధ్వనిముద్రణ రాయల్టీ లేదని విధించినది. తొమ్మిదివందలమారులు వినబడిన పాటకు దమ్మిడీ లేదు. ఈ కొలపాత్రల యజమానులు విదేశీయులు. యూట్యూబు గల గూగులుకును, పాటల వ్యాపారము గల అమెజానుకును మన నగరముననే కొలువులున్నవి. ఆ కొలువులలో మన బిడ్డలే పనిచేయుచున్నారు. మన పాటకు తూనికవేయు హక్కు మాత్రము మనకు లేదు.

గరిమెళ్ల సత్యనారాయణగారిని తలచుకొనుడు. తెల్లదొరతనము వలదని ఆయన వ్రాసిన పాటను ఆంధ్రదేశమెల్ల పాడినది. దానికాయన పొందిన ప్రతిఫలము చెఱసాల. 1952లో మద్రాసున దారిద్ర్యమున మరణించిరి. జనాదరణ వేరు, వ్యాపారము వేరు అనుటకు ఇంతకు మించిన నిదర్శన మేల? పాట జనులదైనది, పాటకాడు పస్తున్నాడు. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను ఆ అన్యాయము తప్పలేదు. దొరలు మారి కంపెనీలు వచ్చినవి.

వకీలు వృత్తియందుండుటచే ర్యాపు కుఱ్ఱవాండ్ర ఒప్పందపత్రములు మేము చూచుచుందుము. ఒక్కమారు కొంత సొమ్మిచ్చి సర్వహక్కులు వ్రాయించుకొనుటయే వానియందలి సారము. కాని 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము ప్రకారము, ధ్వనిముద్రణలోని సాహిత్యము వ్రాసినవానికిని బాణీ కట్టినవానికిని రాయల్టీలో సమభాగము పొందు హక్కు కలదు. దానిని వదలుకొంటినని వ్రాయించుకొన్నను ఆ వ్రాత చెల్లదు. ఒప్పందమున కాలపరిమితి వ్రాయనిచో అయిదేండ్లనియు, ప్రాంతము వ్రాయనిచో భారతదేశమువరకేననియు ఆ చట్టమే అర్థము చెప్పుచున్నది. అందుచేతనే కంపెనీవారి పత్రములలో ‘శాశ్వతముగా’, ‘విశ్వమంతటను’ అను మాటలు సన్నని అక్షరములలో కనబడుచుండును. పాడు పిల్లలారా, మాదాపురపు కాఫీశాలలో కూర్చుండబెట్టి సంతకమునకు తొందరచేసినచో, పత్రమును ముందు ఇంటికి తెచ్చుకొనుడు. ఆ రెండు మాటల నెచ్చట కొట్టివేయవలెనో మా వాలంటీరులలోని వకీళ్లు ఫీజు లేకయే చూపుదురు.