పగడపు దిబ్బల వినాశమునకు వేడిమి యొక్కటియేనా?

సంపాదక మహాశయా,

గత సంచికలోని వ్యాసమందు పగడపు దిబ్బల వినాశమునకు సాగరజలము వేడెక్కుటయే ఏకైకకారణమని వ్రాసినది అర్ధసత్యము మాత్రమే. వేడిమి హద్దు మీరినప్పుడు, పగడపు జీవుల దేహములలో నివసించుచు సూర్యకాంతి సాయమున వానికి ఆహారము సమకూర్చు సూక్ష్మశైవలములు వెలికి నెట్టబడి, దిబ్బలు తెల్లబారి, ఆ స్థితి చిరకాలము కొనసాగినచో నశించుననుట నిజమే. 1998లో లక్షద్వీపములందు జరిగినది అదియే. కాని అసంఖ్యాక జీవులు పూర్వుల సున్నపు గూళ్లపై తమ గూళ్లు నిలుపుకొనుచు సహస్రాబ్దములలో కట్టిన రాతిని, మన్నారు సింధుశాఖలో తూత్తుకుడి చెంత దశాబ్దముల తరబడి పెకలించి, పడవల కెత్తి, సున్నపు బట్టీలకు తరలించినది ఏ వేడిమి? అలల తాకిడిని తామే భరించి భూమిని కాచుచుండిన ఆ దిబ్బలు పోగా, వాన్ ద్వీపము కోతకు లోనై క్షీణించినది; విలాంగుచల్లి నీట మునిగినది. 1986లో అచట జాతీయ సాగరోద్యానము వెలసినను, 2001లో రాతిపగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలున చేరువరకును తవ్వకము సాగుచునేయుండెను. సాగుకై తెచ్చిన కప్పాఫైకస్ అను సముద్రపు నాచు క్రుసడై ద్వీపమున సజీవ పగడములను కప్పివేసి ఊపిరాడనీయని వైనమునైనను వ్యాసకర్త తదుపరి భాగమున చర్చింపవలెనని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కాకినాడ