రహస్యం ఎవరికి?

మొనేరో అనే క్రిప్టో నాణెం పేదవాని చేతిలో నోటులాంటిదని కొందరు విద్యార్థి మిత్రులు వాదిస్తున్నారు. వారి కోపం న్యాయమైనదే. యూపీఐతో తాగిన కప్పు టీ కూడా బ్యాంకు లెక్కల్లో మిగిలిపోతున్నది. సమ్మె నిధికి 10 రూపాయలిచ్చిన కార్మికుని పేరూ అక్కడే మిగులుతున్నది. చేతి నోటుకు ఇంత జ్ఞాపకశక్తి లేదు.

కాని 2014లో పుట్టిన ఈ నాణెంతో టీ డబ్బులిచ్చి చూడండి. మీకు తిరిగి వచ్చిన చిల్లర సుమారు 20 నిమిషాలదాకా ఖర్చుకు పనికిరాదు! ఉదయపు విలువ సాయంత్రానికి నిలుస్తుందన్న పూచీ లేదు. ఏనాటి కూలి ఆనాడు తినేవాడు ఈ జూదం ఆడగలడా? కూడబెట్టినవాడు ఆడగలడు.

అంతకన్న అసలు సంగతి మరొకటి ఉంది. మొనేరో ఇచ్చినవాణ్ణీ, పుచ్చుకున్నవాణ్ణీ, మొత్తాన్నీ కూడా దాస్తుంది. కార్మికుని చందాను కప్పే తెరే యజమాని లాభాన్నీ కప్పుతుంది. ఈ రెండు రహస్యాలూ ఒకటేనని ఒప్పుకోవడం ఏపాటి అభ్యుదయం? డేవిడ్ చామ్ 1980లలో చూపిన గణితం ఆధారంగా గ్నూ టేలర్ అనే పద్ధతి ఉన్నది: కొన్నవాడెవరో తెలియదు, అమ్మినవాని రాబడి మాత్రం పన్నులవారికి దాగదు. మన రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరులో సామాన్యులకు డిజిటల్ రూపాయిని ప్రయోగంగా తెచ్చింది. దాన్ని ఇలా నిర్మించమని నిలదీయవలసిన మిత్రులు ఫోనులో మొనేరో ధర చూసుకుంటున్నారు.