పైసలు పట్టాకు... కష్టం కౌలుకు!

ఊళ్లో పెట్టుబడి సాయం పడుతోందంటే చాలు, గల్ఫ్ క్యాంపుల్లో ఫోన్లు మోగుతాయి. "మీకు పడ్డయా? ఎన్ని ఎకరాల దాకా వేసిండ్రు?" అని ఒకరినొకరం అడుగుతాం. పడ్డ పైసలు అప్పు మిత్తికో, పిల్లల ఫీజుకో పోతాయి. సంతోషమే. కానీ ఆ భూమిని ఇవాళ దున్నుతున్నది మనం కాదు, మన దగ్గర కౌలుకు తీసుకున్న రైతు.

ముందు లెక్క చూద్దాం. 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు కింద ఎకరాకు సీజన్‌కు రూ.4 వేలు ఇచ్చారు. 2019లో దాన్ని రూ.5 వేలు చేశారు. 2025 జనవరిలో రైతు భరోసాగా మారి రూ.6 వేలయింది. మూడెకరాల పట్టా ఉంటే ఏడాదికి రూ.36 వేలన్న మాట. విత్తనం, ఎరువు, దుక్కి ఖర్చు పెట్టే కౌలుదారుకు ఇందులో పైసా రాదు. పైగా కౌలు మనకే కట్టాలి.

ఇది చిన్న సంగతేం కాదు. రైతు స్వరాజ్య వేదిక 2022లో తెలంగాణలో చేసిన సర్వేలో మూడో వంతుకు పైగా సాగుదారులు కౌలు రైతులేనని తేలింది. రైతుబీమా కూడా పట్టాకే. పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.5 లక్షలు వస్తాయి. సొంత భూమి లేని కౌలుదారు అప్పుల పాలై ప్రాణం తీసుకున్నా ఆ బీమా రాదు.

2023 ఎన్నికల్లో కౌలు రైతుకూ ఎకరాకు ఏడాదికి రూ.15 వేలు ఇస్తామన్నారు. 2025లో అమలైంది పట్టాదారులకు రూ.12 వేలే.

తప్పంతా సర్కారుదేనా? 2011 నాటి చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వమంది. ఆ కార్డుతో యజమాని హక్కు పోదని కూడా రాసింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం పదకొండు నెలల ఒప్పందం మీద కార్డు ఇస్తుంది. దానికి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే మన చెయ్యి వెనక్కి పోతోంది. దూరాన ఉన్నోళ్లం, కాగితం మీద పేరెక్కితే భూమి పోతుందేమోనని భయం. ఆ భయం అబద్ధం కాదు. కానీ దాని ఖరీదు కడుతున్నది ఆయన.

ఇంకో మాట. కేంద్రం ఏటా ఇచ్చే రూ.6 వేల పీఎం కిసాన్‌కు, ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఎన్నారై అయినవారు అర్హులు కారు. మన పేరు మీద ఆ పైసలు పడుతుంటే మండల వ్యవసాయాధికారిని అడిగి సరి చేసుకోవడం మేలు.

సైట్‌లో ఎండకు పని చేసినోడి అటెండెన్స్ ఇంకొకరి పేరు మీద పడితే మనం ఊరుకుంటామా? టైం షీట్ పట్టుకుని ఆఫీసు మెట్లెక్కుతాం. ఊళ్లో కౌలుదారుకు ఎక్కడానికి మెట్లు కూడా లేవు.

చట్టం మారేదాకా మన చేతిలో ఉన్నది ఒకటే. వచ్చిన సాయంలో సగమైనా కౌలులో తగ్గిద్దాం. ఈ సీజన్ ఇంటికి ఫోన్ చేసినప్పుడు "పడ్డయా?" అని అడిగాక, "ఆయనకెంత ఇచ్చినం?" అని కూడా అడుగుదాం.