వెన్నులో సూది

"నొప్పులు ఓర్సుకో బిడ్డా. ఎన్నుల సూది మాత్రం ఏపిచ్చుకోకు, జిందగంత నడుం నొప్పే." హైదరాబాద్ వైపు చెంగిచెర్ల నుంచి ఉప్పల్, నాచారం దాకా నెలలు నిండిన ఆడపిల్ల వినే సలహా ఇది. డాక్టరు ఆపరేషన్ అనగానే మాత్రం ఆ పెద్దవాళ్లే సంతకం పెడతారు. పంతులును అడిగి ముహూర్తమూ పెట్టించేవాళ్లున్నారు. సిజేరియన్‌కు మామూలుగా మత్తు ఎక్కించేదీ వెన్నులోనే! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. ఆ ఆపరేషన్ అప్పుడు గుర్తురాని నడుం, నొప్పి తగ్గించే సూది అనగానే గుర్తొస్తుంది. అంటే ఇది సూదంటే భయం కాదు. నొప్పి పడకుండా కంటే తల్లితనంలో ఏదో తక్కువైనట్టే అన్న నమ్మకం అది. పన్ను పీకించుకునే మగవాడికి ఇలాంటి ధర్మపన్నాలు ఎవరూ చెప్పరు.

1847లో ఎడిన్‌బరోలో డాక్టర్ జేమ్స్ సింప్సన్ కాన్పులకు మత్తు వాడినప్పుడు, నొప్పితో కనమని హవ్వకు దేవుడు వేసిన శిక్షను తప్పించడమేమిటని కొందరు ఆక్షేపించారు. పక్కటెముక తీసేముందు ఆదామును దేవుడే నిద్రపుచ్చాడు కదా అని ఆయన బైబిల్‌తోనే జవాబిచ్చాడు. 1853లో విక్టోరియా రాణి క్లోరోఫాం మత్తు పీల్చి బిడ్డను కన్నాక గొణుగుడు చాలావరకు తగ్గింది.

మన హైదరాబాద్ ఇందులో వెనకబడి లేదు. 1888, 1889లలో ఆరో నిజాం ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాంను పరీక్షించే కమిషన్లు నడిపాడు. ఇక్కడే చదివిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. క్లోరోఫాం గుండెకు హాని చేయదన్న లారీ వాదన తర్వాతి పరిశోధనల్లో తప్పని తేలింది. పరీక్షకు నిలబడిన మాట కాబట్టే తప్పో ఒప్పో తేలింది. నడుం నొప్పి మాటకు మన ఇళ్లలో ఆ పరీక్షే లేదు.

పరీక్షించినవాళ్లు చెప్పేది ఇది: ఎపిడ్యూరల్ అనే ఈ నొప్పి తగ్గించే వెన్ను సూది వల్ల దీర్ఘకాలపు నడుం నొప్పి గానీ, సిజేరియన్లు గానీ పెరగవు. బీపీ పడిపోవచ్చు, కాన్పు కొంత సాగవచ్చు, అరుదుగా తీవ్రమైన తలనొప్పి రావచ్చు. ఇవి దాచి సూదిని పొగడటం కూడా మూఢత్వమే. కాన్పయ్యాక నడుం నొప్పి సూది పడనివాళ్లకూ వస్తుంది, నెలల తరబడి మోసిన బరువు మీద మాత్రం ఎవరూ నింద వేయరు.

ఆరోగ్యంగా ఉన్న గర్భిణి అడిగితే ఎపిడ్యూరల్ ఇవ్వవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫారసు చేసింది. అడగాల్సింది ఆమె, అత్తో భర్తో కాదు. అదీ నొప్పులు మొదలయ్యాక కాదు, నెలవారీ చెకప్‌లోనే అడగాలి, ఎందుకంటే మత్తు డాక్టరు ఆ వేళకు దొరకాలి. దొరకని చోట ఆక్సిజన్, నైట్రస్ ఆక్సైడ్ సగం సగం కలిపి మాస్కుతో పీల్చే గ్యాస్ ఉంది. ఉపశమనం తక్కువే గానీ, ఆ మాస్కు ఆమె చేతిలోనే ఉంటుంది.