పిన్‌కోడ్‌ను విడగొట్టి చూశారా?

గచ్చిబౌలి కంపెనీల చిరునామాల్లో 500032 మీకు కనబడే ఉంటుంది. దాన్ని 13తో భాగిస్తే శేషం సున్నా వస్తుందా? కాలిక్యులేటర్ ముట్టుకోకుండా చెప్పండి చూద్దాం.

మూడేసి అంకెలుగా విడదీసి, 500లోంచి 32 తీసేస్తే 468. అది సరిగ్గా 36 పదమూళ్లు. కాబట్టి వస్తుంది! ఆప్టిట్యూడ్ టెస్టులకు చాలామంది బట్టీ కొట్టే షార్ట్‌కట్టే ఇది. ఎందుకు పనిచేస్తుందని అడిగితేనే తడబడతారు. 1001 అంటే 7×11×13. మన సంఖ్యేమో 500×1001లోంచి 468 తీసేసినది. 468ని 7 గానీ 11 గానీ భాగించవు, కాబట్టి 500032నూ భాగించవు. ఒక్క కారణం తెలిస్తే మూడు షార్ట్‌కట్లు చేతికొచ్చినట్టే. వందల కొద్దీ చిట్కాలు కంఠస్థం చేయడం నా దృష్టిలో టైమ్ వేస్ట్.

కోడింగ్ రౌండ్‌లోనూ ఇదే తంతు. 500032ను పూర్తిగా విడగొడితే 64×13×601. మరి 601 ప్రధాన సంఖ్యేనా? 600 దాకా లూప్ తిప్పినా జవాబు కరెక్టే, కానీ 23 వరకు ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే సరిపోతుంది. ‘అక్కడే ఎందుకు ఆగావు?’ అని అడిగారనుకోండి. కారణాంకాలు జంటగా వస్తాయనీ, 25 వర్గమే 625 అనీ గ్రహించినవాళ్లు అరనిమిషంలో చెప్పేస్తారు.