గరుకు బొచ్చు టెర్రియర్‌కు ఏ దువ్వెన?

వైర్ ఫాక్స్ టెర్రియర్ వంటి గరుకు బొచ్చు కుక్క వెంట్రుకలు రాల్చుతుంటే చాలామంది వెంటనే కత్తెర పట్టుకుంటారు. అలా చేయవద్దని మా మనవి. చచ్చిన వెంట్రుకలు చాలావరకు రాలిపోక బొచ్చులోనే చిక్కుకుంటాయి. కత్తిరిస్తే వాటి మొదళ్ళు చర్మంలోనే మిగులుతాయి. రానురాను బొచ్చు మెత్తబడి రంగు వెలుస్తుంది.

మేము సూచించేవి రెండే. పళ్ళు దూరంగా ఉన్న స్టీలు దువ్వెన ఒకటి. వెంట్రుకను కోయకుండా పట్టి లాగే, పదును లేని స్ట్రిప్పింగ్ కత్తి మరొకటి. వారానికోసారి దువ్వండి. ముదిరిన వెంట్రుకలను, ఒక చేత్తో చర్మం బిగపట్టి, పెరిగిన వైపుకే కొద్దికొద్దిగా లాగండి. కత్తి దొరకకపోతే బొటనవేలు, చూపుడువేలు చాలు. స్నానం తరువాత చేయించండి. తడిస్తే వెంట్రుక జారిపోతుంది.

చర్మం ఎర్రబడినా, బొచ్చు మచ్చలుగా ఊడినా అది దువ్వెనతో తీరేది కాదు. పశువైద్యునికి చూపించండి. నోరులేని ప్రాణి బాధను మనమే కనిపెట్టాలి.